రస్ట్ ఈటర్స్ డ్రమ్మర్ ఎలా పోయాడు

కిల్కెన్నీ,
14 సెప్టెంబరు 2004

చిరంజీవి లోహితకు,

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావని ఆన్సరింగ్ మెషీన్ మీద ఎర్రదీపం చెప్పింది. ఏం చెప్పావో మాత్రం నాకు తెలియదు. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతూ ఉంది. ముసలితనం వల్ల కాదు. ముప్ఫై ఏళ్ళ క్రితం అమెరికాలో, టొలీడోలో, మీ నాన్న రాజగోపాల్ డ్రమ్స్ వాయించిన బ్యాండుకి స్పీకర్లు మోసినవాణ్ణి నేను. రెండేళ్ళు వాటి పక్కనే నుంచున్నాను. కనుక నాతో మాట్లాడాలంటే ఉత్తరమే గతి. కంప్యూటరు నా ఇంట్లో లేదు, ఉండదు.

ఇంకో సంగతి. నన్ను 'అంకుల్' అని రాశావు. ఈ దేశంలో తల నెరిసిన ప్రతి ఇండియనూ అంకులే. మొన్న సూపర్‌మార్కెట్లో ముక్కూ మొహం తెలియనివాడు అంకుల్ అంటూ నా ట్రాలీ తోసుకొచ్చాడు. నేను మీ నాన్నకన్నా ఆరేళ్ళు పెద్ద. పెదనాన్న అను, లేకపోతే ఏమీ అనకు.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. న్యూయార్కులో ఏదో కంపెనీ మా పాటల్ని సీడీగా వేస్తోందనీ, దానితో వచ్చే చిన్న పుస్తకానికి గాయకుడు డెనిస్ క్రోల్ బ్యాండు చరిత్ర రాశాడనీ, అందులో 'డ్రమ్మర్ రాజ్' మీ నాన్నేనా అనీ అడిగావు. మీ నాన్నే. ఫోటోలో వెనక, చొక్కా విప్పేసి, నోరు తెరుచుకుని ఉన్నవాడు.

ఇక చరిత్ర. బ్యాండు పేరు 'ద రస్ట్ ఈటర్స్', అంటే తుప్పు తినేవాళ్ళు. అప్పటికి ఆ ఊళ్ళో సగం ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తక్కినవి తమ వంతు కోసం చూస్తున్నాయి. నేను ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా శిక్షణలో ఉన్నాను. మీ నాన్న ఇంజినీరింగ్ ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇద్దరం ఒకే అద్దె ఇంట్లో పైవాటాలో ఉండేవాళ్ళం. కింద సెల్లారులో వాషింగ్ మెషీన్లు. బట్టలు ఉతికినంతసేపూ మీ నాన్న మెషీను మూత మీద మృదంగం వాయించేవాడు. తెనాలిలో తొమ్మిదేళ్ళు నేర్చిన చెయ్యి. కింది వాటా డెనిస్‌ది, మా ఆసుపత్రిలోనే నేలలు తుడిచేవాడు. ఆ మోత విని మెట్లు దిగి వచ్చి, "నువ్వు ఆపితే నిన్ను చంపుతాను" అన్నాడు. 1974 ఏప్రిల్. అదీ మొదలు. వాడు రాసిన చరిత్రలో వాషింగ్ మెషీన్ లేదు. వాడికేదో కలలో దర్శనమైనట్టు ఉంది.

ఇలాంటి పాటలకి పంక్ అన్న పేరు తర్వాత ఎవరో పెట్టారు. అప్పట్లో పేరు లేదు, వినేవాళ్ళూ లేరు. రెండు నిమిషాల పాట, మూడు స్వరాల గిటారు, ఎవరి మీదో కోపం. 'సెకండ్ షిఫ్ట్' అనే పాటలో ఏడక్షరాల నడక తాను కనిపెట్టానని డెనిస్ రాసుకున్నాడు. అది మిశ్రచాపు. వాడికి ఏడు దాకా లెక్కపెట్టడం రాదు. నాలుగు దాకా లెక్కపెట్టి బీరు తాగేవాడు. రోమన్ల చరిత్రలు చాలా చదివాను. చక్రవర్తి చచ్చాక రాసినవన్నీ ఎంతో ధైర్యంగా ఉంటాయి. డెనిస్ ధైర్యం కూడా ఆ జాతిదే.

చివరి పేజీలో 'సూది రాజ్‌ని తీసుకుపోయింది' అని రాశాడు. అది పచ్చి అబద్ధం. మీ నాన్న గుండెపోటుతో పోయాడు. అప్పుడే మీ తాతగారికి రాశాను. ఆ వాక్యం తీయించేదాకా ఆ కంపెనీని వదలను.

ఆశీస్సులతో,
కృష్ణమూర్తి

*

శాండీఫోర్డ్,
డబ్లిన్,
22 సెప్టెంబరు 2004

పెదనాన్న గారికి నమస్కారాలు,

మీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళి లంచ్‌లో మళ్ళీ చదివాను. నాన్న గురించి ఇంత పెద్ద ఉత్తరం నాకెవరూ రాయలేదు. ఆయన పోయేనాటికి నాకు రెండేళ్ళు. నన్ను చూడనేలేదు. ఇంట్లో ఉన్నది పెళ్ళిఫోటో ఒకటే, అందులో ఆయన నోరు మూసుకునే ఉన్నారు.

'సెకండ్ షిఫ్ట్' వెబ్‌సైట్లో పెట్టారు. త్రినాథ్, అంటే మా ఆయన, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముఖం చిట్లించాడు. "ఇదేం పాటే, పక్క ఫ్లాట్‌లో గోడ పగలగొడుతున్నట్టుంది."

"నోర్మూసుకో. ఆ గోడ పగలగొట్టేది మా నాన్న."

"సరేలే, మామగారు గ్రాండ్‌గా పగలగొట్టారు."

మీరు చెప్పాక వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏడే.

డెనిస్ రాసిన వాక్యం అమ్మకి చెప్పలేదు. సూది అన్న మాట చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. అబద్ధమని మీరు రాశారు గనక ఇప్పుడు ఫర్వాలేదు. అమ్మ నన్ను ఎలా పెంచిందో మీకు తెలియదు కదా. "మీ నాన్నది గుండె, నీదీ అదే రక్తం" అనేది. స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌లో నేను చెట్టుకింద బెంచీ మీద కూచునేదాన్ని, అమ్మ హెడ్‌మాస్టరుకి రాసిచ్చిన చీటీతో. సైకిలు కొనలేదు. పచ్చడి ఇంట్లో అందరికీ ఒక గిన్నె, ఉప్పు తగ్గించి నాకొకటి. ఇక్కడికి వచ్చాక కూడా ఫోన్లో మొదటి మాట, "మెట్లెక్కడం లేదు కదా?"

ఇంకో కబురు. నాకు పదో వారం. ఏప్రిల్‌లో కాన్పు. జనవరి నుంచి పుట్టే పిల్లలకి ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదట. "మనవాడు మూడు నెలలు లేటు" అని త్రినాథ్ ఆఫీసులో అందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు.

పోయిన వారం లూయస్ ట్రామ్ ప్లాట్‌ఫారం మీద కళ్ళు తిరిగి పడ్డాను. ఒక పెద్దావిడ నా తల ఒళ్ళో పెట్టుకుని, "యూ ఆర్ గ్రాండ్, లవ్, యూ ఆర్ గ్రాండ్" అంటూనే ఉంది, నీకేం కాలేదని. మా జీపీ, అంటే మామూలుగా చూసే డాక్టరు, కూడా నవ్వుతూనే చూశాడు. నాన్న ఇరవై ఏడేళ్ళకి నిద్రలో గుండెపోటుతో పోయారని చెప్పేసరికి రాయడం ఆపాడు. గుండె డాక్టరు దగ్గరికి పంపుతున్నాడు. మీరు డాక్టరు కదా, భయపడాలా?

మీ
లోహిత

*

కిల్కెన్నీ,
30 సెప్టెంబరు 2004

చిరంజీవి లోహితకు,

కడుపుతో ఉన్న పిల్ల కళ్ళు తిరిగి పడితే గుండె డాక్టరు దగ్గరికి పంపడం ఈ దేశపు కొత్త డబ్బు తెలివి. నేను వచ్చిన రోజుల్లో టీ ఇచ్చి ఇంటికి పంపేవారు. భయపడవద్దు. నీళ్ళు తాగు.

కంపెనీకి రాసిన ఉత్తరం నకలు జతచేశాను. తమ పుస్తకంలో తప్పులు పదిహేడు చూపించాను. ముఖ్యమైనది చివరిది. చనిపోయినవాడి తరఫున పరువునష్టం దావా వేయలేరని వాళ్ళ లాయరు ధైర్యం. నేనింకా చనిపోలేదని రాశాను.

నువ్వు అడగకపోయినా తక్కిన చరిత్ర చెబుతాను. రెండేళ్ళలో పదకొండు ప్రదర్శనలు. డెనిస్ 'వందలాది' అని రాశాడు. పదకొండే. వ్యానులో సామాను ఎక్కించిందీ దించిందీ నేను గనక నాకు తెలుసు. మొదటిది ఒక బౌలింగ్ శాల వెనక గదిలో. అవతల బంతులు దొర్లుతుంటే మీ నాన్న ఆ చప్పుడుకి తాళం కట్టాడు. మూడో పాటకి యజమాని వచ్చి మెయిన్ స్విచ్ ఆపేశాడు. కరెంటు లేకపోయినా డ్రమ్స్ మోగుతాయి కదా. మీ నాన్న ఆపలేదు. చీకట్లో నాలుగు నిమిషాలు ఒక్కడే వాయించాడు. బయటికి వెళ్ళిపోతున్న జనం వెనక్కి వచ్చారు. నా జీవితంలో అంతటి సంగీతం మళ్ళీ వినలేదు, తర్వాత వినడానికి చెవులూ మిగలలేదు.

రికార్డు ఒకటే, పాటకొక వైపు. పోలిష్ పెళ్ళిపాటలు రికార్డు చేసే ఒక ముసలాయన బేస్‌మెంటులో, 1975 జులైలో. డ్రమ్ముల మోతకి రికార్డింగు మీటరు సూది ఎరుపులోంచి దిగడం లేదని ఆయన మీ నాన్న ముందు పరుపు నిలబెట్టాడు. పరుపు వెనకనుంచి వాయించిన మనిషి ఆ పాటలో మీ ఆయనకి గోడ పగలగొడుతున్నట్టు వినిపించాడంటే చూసుకో. బేసు గిటారువాడు రెండుసార్లు తాళం తప్పాడు. డెనిస్ ఒకసారి ఏడ్చాడు. పుస్తకంలో ఈ రెండూ లేవు.

మృదంగం చెయ్యి వేరు, కర్రల చెయ్యి వేరు. ప్రదర్శన అయ్యాక మీ నాన్న మణికట్లు వాచి వంకాయల్లా ఉండేవి. నేను చూసుకునేవాణ్ణి.

తాగుడు లేదు, పొగ లేదు. అలాంటివాణ్ణి సూది మనిషి అంటాడా, ఆ నేలలు తుడిచేవాడు? నిద్రలో పోయాడు మీ నాన్న, గుండె ఆగి, నొప్పి కూడా తెలియకుండా. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

కృష్ణమూర్తి

*

శాండీఫోర్డ్,
18 అక్టోబరు 2004

పెదనాన్న గారికి,

ఈసారి కబుర్లు రాయడం లేదు. జాగ్రత్తగా చదవండి.

గుండె డాక్టరు రెండు పరీక్షలు చేశారు. గుండె గోడ ఒకచోట కాస్త మందంగా ఉందట. "మామూలు మనుషుల్లో కూడా ఇలా ఉండొచ్చు. మీ నాన్నగారి సంగతి లేకపోతే నేను పట్టించుకునేదాన్ని కాదు" అన్నారావిడ. నాన్న సంగతి ఉంది కాబట్టి, కళ్ళు తిరిగి పడ్డాను కాబట్టి, ఇది వంశంలో వచ్చే గుండెజబ్బు కావచ్చట. కాన్పు దగ్గర పడేలోపు ఛాతీలో ఒక యంత్రం పెట్టాలంటున్నారు. గుండె గతి తప్పితే అది లోపలే షాక్ కొడుతుంది. ఒకసారి పెడితే జీవితాంతం. బిడ్డకి కూడా సగానికి సగం అవకాశం. పుట్టిన నాటి నుంచి ఏటా పరీక్షలు.

అక్కడ అపర్ణ అని వరంగల్ డాక్టరమ్మ ఉంది. పెద్ద డాక్టరు వెళ్ళాక నా పక్కన కూచుంది.

"మీ నాయినకు పోస్ట్‌మార్టం చేసిన్రా?"

"తెలీదండి."

"డెత్ సర్టిఫికెట్?"

"అమెరికా నుంచి పంపుతామన్నారట. రాలేదు."

"ఇరవై ఎనిమిదేండ్లల్ల ఎవ్వరు అడగలేదా?"

అడగలేదు పెదనాన్న గారూ. మీ ఉత్తరమే మాకు సర్టిఫికెట్. 1976లో మీరు తాతగారికి రాసింది అమ్మ పెట్టెలో ఉంది. బాబాయి చేత స్కాన్ చేయించి తెప్పించాను. నాలుగు పేజీలు. 'డాక్టరుగా చెబుతున్నాను' అని రాశారు అందులో. అపర్ణ అది చదివి ఇంగ్లీషులోకి మార్చి ఫైల్లో పెట్టింది. "అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయి" అన్నది.

ఆపరేషన్ నవంబరు 9, మంగళవారం. టొలీడో ఆఫీసుకి డెత్ సర్టిఫికెట్ కోసం అప్లై చేశాం. ఎనిమిది వారాలట.

ఆరోజు అక్కడ ఉన్నది మీరే. డాక్టరు మీరే. పోస్ట్‌మార్టం అయిందా? కాగితంలో ఏం రాశారు? అంతే నాకు కావలసింది.

లోహిత

*

కిల్కెన్నీ,
21 అక్టోబరు 2004

చిరంజీవి లోహితకు,

అంత తొందర దేనికి? ఎప్పుడో పోయిన ఒక మనిషి కబురు పట్టుకుని బతికున్న మనిషిని కోస్తారా? వైద్యంలో ఒకరి చావు ఇంకొకరి జబ్బుకి సాక్ష్యం కాదు. కార్క్‌లో నాకు తెలిసిన పెద్ద డాక్టరు ఉన్నాడు, రెండో అభిప్రాయం తీసుకో. ఆపరేషన్ వాయిదా వేయించు.

కాగితాలు నా దగ్గర లేవు. ఇళ్ళు మారినప్పుడు పోయాయి. పోస్ట్‌మార్టం సంగతి స్పష్టంగా గుర్తులేదు.

అంతమాత్రం ఆలోచన లేని డాక్టర్లు ఇప్పుడు ప్రతి చోటా ఉన్నారు. యంత్రాలు కొన్నారు కనుక ఎవరి ఛాతీలోనో ఒకరి ఛాతీలో పెట్టాలి. నేను ఇరవై ఏళ్ళకి పైగా ఈ దేశంలో మనుషుల్ని నిద్రపుచ్చాను. ఒక్కరూ నా బల్ల మీద పోలేదు. నన్ను మాత్రం పెద్ద డాక్టరుని చేయలేదు. ఇలాంటివాళ్ళని చేశారు.

వాయిదా వేయించు. నా మాట విను.

కృష్ణమూర్తి

*

శాండీఫోర్డ్,
29 అక్టోబరు 2004

పెదనాన్న గారికి,

మీ చివరి రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివాను. పోయిన నెల 'ఎవరి ముందైనా చెబుతాను' అన్నారు. ఈ నెల 'గుర్తులేదు' అంటున్నారు. బౌలింగ్ శాలలో ఎన్నో పాటకి కరెంటు తీశారో గుర్తున్న మనిషికి, స్నేహితుణ్ణి కోశారో లేదో గుర్తులేదా?

త్రినాథ్ కార్క్ వెళ్ళి మీరు చెప్పిన డాక్టరుని కూడా కలిసి వచ్చాడు. నా రిపోర్టులు చూసి ఆయనా అదే మాట అన్నాడట. తండ్రి అలా పోయి ఉంటే పెట్టించాల్సిందే, వాయిదా మంచిది కాదని.

ఇంకొకటి. డెనిస్ క్రోల్ నాకు మెయిల్ పంపాడు. మీరు కంపెనీకి రాసిన ఉత్తరం వాళ్ళు అతనికి పంపారట. నాలుగే లైన్లు. "నీ తండ్రి నేను చూసినవాళ్ళలో గొప్ప డ్రమ్మర్. నాకు తెలిసింది రాశాను, మార్చను. మిగతాది చెప్పాల్సింది నేను కాదు. క్రిస్‌ని అడుగు."

క్రిస్ అంటే మీరే కదా.

నాన్న తప్పు చేసినా నాకు ఫర్వాలేదు, పెదనాన్న గారూ. నిజంగా. నేను తెనాలిలో లేను, నాకు ముప్ఫై ఏళ్ళు. డెనిస్ రాసిన ఆ సూది మాట గురించి ఒక్క ముక్క రాయండి చాలు, అవునని కానీ కాదని కానీ. తొమ్మిదో తారీఖు పొద్దున ఏడింటికి చేరిపోవాలి.

లోహిత

*

కిల్కెన్నీ,
8 నవంబరు 2004

లోహితా,

ఇది అయిదో కాగితం. తక్కిన నాలుగూ పొయ్యిలో వేశాను. శుక్రవారం స్టేషన్ దాకా వెళ్ళాను, నీ దగ్గరికి వచ్చి చెప్పాలని. డబ్లిన్ బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తిరిగి ఇంటికి వచ్చాను. శని, ఆదివారాలు టపా లేదని నాకు నేను చెప్పుకున్నాను.

మీ నాన్నకి గుండెజబ్బు లేదు. పోస్ట్‌మార్టం చేశారు, గుండె శుభ్రంగా ఉందని రాశారు. పెథిడిన్ అనే నొప్పిమందు మోతాదు మించి పోయాడు. ఆ మందు నాది.

ఆపరేషన్లో ఆంప్యూలు, అంటే మందు నింపిన చిన్న గాజుబుడ్డి, సగం వాడి సగం మిగిలితే, మిగిలింది నర్సు చూస్తుండగా సింకులో పోసి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి. అక్కడి నర్సులు పని ఒత్తిడిలో డాక్టరు మాట నమ్మి ముందే సంతకం పెట్టేవారు. నేను పొయ్యలేదు. జేబులో వేసుకుని తెచ్చాను. మణికట్లు వాచి ఏడుస్తున్న మనిషికి మొదటిసారి నేనే పొడిచాను, ఒక ప్రదర్శనకి ముందు. ఆరోజు అతను దేవుడిలా వాయించాడు. రెండోసారి అతను అడిగాడు. ఆరు నెలలకి వాపు లేని రోజుల్లో కూడా అడిగేవాడు. ఇవ్వనని ఒకసారి అన్నాను. నా కాళ్ళ దగ్గర కూచున్నాడు. ఇచ్చాను. ఇవ్వకపోతే బ్యాండు ఆగిపోతుందని కూడా ఇచ్చాను. ఆ మాట రాయడానికే నాలుగు కాగితాలు పట్టాయి. నేను వాయించలేను, పాడలేను. ఆ స్పీకర్ల పక్కన నుంచున్నప్పుడు మాత్రం నేనూ ఒకణ్ణని అనిపించేది.

1976 ఫిబ్రవరిలో నేను డ్యూటీలో ఉండగా నా గడ్డం గీసుకునే పెట్టెలోంచి ఉన్నవన్నీ తీసుకున్నాడు. నేను పొద్దున ఇంటికి వచ్చేసరికి బాత్‌రూమ్ నేల మీద ఉన్నాడు. నిద్రలో కాదు. సిరంజీ తీసి దాచి, అప్పుడు ఫోన్ చేశాను.

పోలీసులు డెనిస్‌ని అడిగారు, మందు ఎక్కడిదని. వాడికి తెలుసు, నేను ఇస్తుండగా చూశాడు. తెలియదన్నాడు. ఆసుపత్రిలో లెక్క తేలక, నేలలు తుడిచేవాడి మీద అనుమానపడి వాణ్ణి పనిలోంచి తీసేశారు. నేను అదే వరండాలో నుంచుని చూశాను. దహనం రోజు వాడు నా దగ్గరికి వచ్చి, "వెళ్ళిపో క్రిస్, నేనేమీ చెప్పలేదు" అన్నాడు. ఆ పుస్తకంలో కూడా చెప్పలేదు. సూది అన్నాడే గానీ సూది ఎవరిదో రాయలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటూ బతికాను. నాకు తెలిసిన నిజం వాడికీ తెలుసు, అదీ వాడి నేరం.

మీ తాతగారికి గుండె అని రాశాను. ఇంటి పరువు కోసమని చెప్పుకున్నాను. వాళ్ళ పరువు నాలుగో వంతు. తక్కినది నా ఉద్యోగం. ఆ మాట నీ పళ్ళెంలో ఉప్పు దాకా, నీ ఛాతీ దాకా వస్తుందని అనుకోలేదు. అనుకున్న తర్వాత కూడా పద్దెనిమిది రోజులు ఊరుకున్నాను.

ఇది తీసుకుని ఇప్పుడే పోస్టాఫీసుకి వెళుతున్నాను. రేపు ఉదయం టపాలో రావాలి. ఆపరేషన్ వద్దని చెప్పు. ఈ ఉత్తరం చూపించు.

కృష్ణమూర్తి

*

శాండీఫోర్డ్,
29 నవంబరు 2004

డాక్టర్ కృష్ణమూర్తి గారికి,

మీ ఉత్తరం మంగళవారం పదకొండింటికి వచ్చిందని కింద ఫ్లాట్ ఆవిడ చెప్పింది. అప్పటికి నన్ను లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలైంది. కడుపు మీద సీసం గుడ్డ కప్పి, ఎడమ భుజం కింద కోసి పెట్టారు. గురువారం ఇంటికి వచ్చాక చదివాను. నేను చదివి త్రినాథ్‌కి ఇచ్చాను. అతను చదివి కాసేపు బాల్కనీలో నుంచుని వచ్చాడు. "నేను కార్క్ దాకా వెళ్ళొచ్చానే. వెళ్ళమని ఆయనే కదా రాసింది" అన్నాడు. 

యంత్రం అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. పక్కకి తిరిగి పడుకుంటే అంచు తగులుతుంది. తీయడం పెట్టడంకన్నా ప్రమాదమట, తీగ గుండెలోకి దిగి ఉంది. కాన్పు అయ్యేదాకా ముట్టుకోరు. తర్వాత కూడా తీస్తారని చెప్పడం లేదు.

అపర్ణ మీ ఈ ఉత్తరం కూడా చదివింది. 1976 నాటిదీ, ఇదీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "ఒక్కటే చెయ్యి. గదే ముత్యాల రాత. పెద్ద డాక్టరు ఏది నమ్మాలె?" అన్నది.  మొదటి దానిలో 'డాక్టరుగా చెబుతున్నాను' అని ఉంది. రెండో దానిలో అది కూడా లేదు. టొలీడో కాగితం ఇంకా రాలేదు. వచ్చినా, అందులో గుండె గురించి ఉన్నదానికి అప్పుడు చూసిన డాక్టరు సాక్ష్యం, అంటే మీది, కలిస్తేనే నా ఫైల్లోంచీ, పుట్టబోయే బిడ్డ ఫైల్లోంచీ వంశపు జబ్బు అన్న మాట కొట్టేస్తామన్నారు. లేకపోతే నా బిడ్డ కూడా బెంచీ మీద కూచుంటుంది. ఆడపిల్లట.

అమ్మకి చెప్పాను.  "అయితే నువ్వు పరుగెత్తి ఉండాల్సిందే చిన్నప్పుడు" అంది. ఇంకాసేపటికి, "నిద్రలో పోయాడని రాశాడు కదా ఆయన. అదన్నా నిజమేనా?" అని అడిగింది. మీ ఉత్తరం నా చేతిలోనే ఉంది. అవునన్నాను. నొప్పి తెలియలేదట అన్నాను. అది మాత్రం మీరు చేసినట్టే చేశాను. అంత తేలికగా వస్తుందని అనుకోలేదు.

డిసెంబరు 7, మంగళవారం, ఉదయం పది ఇరవైకి అపాయింట్‌మెంట్. మీరు రావాలి. ఈసారి రైలు ఎక్కండి. త్రినాథ్ ఇక్కడి డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో ఉంటాడు, నిలువు చారల మఫ్లర్. దారిలో అతను మీతో మాట్లాడడు, మీరూ ప్రయత్నించవద్దు. పెద్ద డాక్టరు ముందు మీరు రాసినదంతా మళ్ళీ రాసి సంతకం పెట్టాలి. నేను వరండాలో ఉంటాను. నా దగ్గరికి రావద్దు.

ఫారం మీద రోగికీ మీకూ సంబంధం ఏమిటి అన్న గడి ఉంది. పెదనాన్న అని రాయవద్దు. 'తండ్రి స్నేహితుడు' అని రాయండి.

లోహిత